ఖాళీ కుర్చీ మీద చెయ్యి

అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఒక చిన్న బస్ స్టేషన్‌లో ఖాళీ కుర్చీని అంతసేపు ఎందుకు పట్టుకుని కూర్చున్నానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు.

వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన ఒక అమెరికన్ ముసలాయన పాతకాలపు చెక్క ఊగుడు కుర్చీని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నల్లరంగు కుర్చీ. తల ఆనే పలక మీద బంగారు రంగుతో పళ్ళ బొమ్మలున్నాయి. చేతులు ఆనిన చోట రంగు పోయి చెక్క కనిపిస్తోంది. లోపలికి వచ్చేవాళ్ళ బ్యాగులు తగిలినప్పుడల్లా అది ఖాళీగా ఊగుతోంది. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కీడని మా అమ్మమ్మ అనేది. నాకు తెలియకుండానే చెయ్యి వేసి ఆపాను.

ఆయన చూశాడు. "మా అమ్మా అంతే. ఖాళీ కుర్చీ ఊపితే చేతి మీద ఒక్కటి వేసేది. డ్రైవర్ దీనికీ సీట్ బెల్ట్ పెట్టమంటాడేమో" అన్నాడు.

నవ్వాను. అప్పుడు చెప్పాడు. ఆయన కూతురికి నెలలు నిండకుండా బాబు పుట్టాడు. బతకడని డాక్టర్లు చెప్పేశారు. సాయంత్రం ఊపిరి మెషీన్ తీసేసి, తల్లి ఒళ్ళో పెడతామన్నారట.

"మా ఇంట్లో పిల్లలందరూ ఇందులోనే నిద్రపోయారు. వాణ్ణీ ఇందులోనే నిద్రపుచ్చాలి."

కుర్చీ మీద చెయ్యి అలాగే ఉంచాను. బస్ రాకముందే ఆయన ఫోన్ మోగింది. "సరే తల్లీ" అని మాత్రం అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కుర్చీకేసి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చెయ్యి తీసెయ్ హనీ. ఇక ఊగినా ఏం కాదు."