ఆఫీసులోంచి కనిపించే మంచం

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక, ఆయన్ని చోడవరంలో వదిలి వైజాగ్ ఆఫీసుకు వెళ్లడం నాకు రోజూ ఒక శిక్షే. మానేద్దామంటే ఇల్లు గడవదు. మా ఆఫీసులో గేటు దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారు. లోపల కంప్యూటర్ల రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ దొరగారు మామూలు వెబ్‌సైట్లు వెళ్లే ఒక్క దారి తప్ప అన్నీ మూసేశారు. నేనేం తక్కువ తిన్నానా! ఓ ఆదివారం చర్చి కూడా మానుకుని, మా ఇంటి కంప్యూటర్ ఆఫీసు నుంచి ఆ ఒక్క దారిలోనే అందేలా సర్దాను. దాని తెర మీది కెమెరాను ఆయన మంచం వైపు తిప్పాను. రోజూ పదకొండింటికి చూసేదాన్ని. ఆయన ఎడమ చెయ్యి ఎత్తేవారు. నాకు ప్రాణం కుదుటపడేది.

పక్కింట్లో ఉండే ఆయన అక్క, మా వదిన, పగలు ఆయనకు జావ తాగించి వెళ్లేది. కెమెరా సంగతి ఆవిడకు చెప్పలేదు. తన మీద నిఘా పెట్టాననుకుంటుందని. అది చెరకు లారీలు తిరిగే కాలం, ఇల్లంతా దుమ్ము. కంప్యూటర్ డబ్బా మీద గుడ్డ కప్పలేదని ఓ సాయంత్రం ఆవిడ మీద నోరు పారేసుకున్నాను.

మర్నాడు పదకొండింటికి ఇంటి కంప్యూటర్ దొరికింది గాని, కెమెరా చోట అంతా నలుపు. ఫైర్‌వాల్ వీడియోని కూడా ఆపేస్తోందనుకున్నాను. దాని అంతు చూద్దామని పంతం పట్టి సెట్టింగులన్నీ తిరగేశాను. గేటు దగ్గరికెళ్లి నా ఫోన్ అడగొచ్చు. ఎందుకని అడిగితే ఏం చెప్పను? నా దొంగదారి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది. ఆ భయంతో ఒంటిగంట దాకా కుర్చీలోంచి లేవలేదు.

భోజనాల వేళ ఫోన్ చేతికి రాగానే వదినకు చేశాను. ఆవిడ పరుగెత్తి వెళ్లేసరికి ఆయన కంప్యూటర్ బల్ల పక్కన నేల మీద పడి ఉన్నారు. తుంటి ఎముక విరిగింది.

"నువ్వు మళ్లీ తిడతావని ఎల్లేటప్పుడు నిండా గుడ్డ కప్పేసేనమ్మా. అందులోంచి సూస్తన్నావని నాకేటి తెలుసు?" అని అనకాపల్లి ఆసుపత్రిలో వదిన ఏడ్చింది. ఆవిడ తప్పేముంది? తప్పంతా నాదే.

ఆయన మరి మంచం దిగలేదు. నెల తిరక్కుండానే పోయారు. పోయే ముందు ఓ రోజు, ఎందుకు లేచారని అడిగాను. ముద్దముద్దగా చెప్పారు.

"పదకొండయిపోతంది. నేను అవుపడకపోతే నువ్వు అన్నీ వదిలేసి వచ్చేస్తావని, గుడ్డ తీద్దామని లేచేనే."

నేను రెండు గంటలు కదలకుండా కూర్చున్నానని ఆయనకు చెప్పకుండానే పంపేశాను.