రైల్లో కూర్చోబెట్టిన అక్క

ఆ ట్యూషన్ సెంటర్లో పిల్లలంతా ఆమెను రైళ్ళ టీచరనేవారు. రెండు రైళ్ళ వేగాల లెక్కంటే జ్వరం తెచ్చుకునేవాళ్ళు కూడా ఆమె క్లాసు నుంచి నవ్వుతూ బయటికొచ్చేవారు. సెంటరు యజమాని ఆమె సొంత తమ్ముడే.

చిన్నప్పుడు వాడికి లెక్కలు కొరుకుడుపడేవి కావు. ఎదురెదురుగా వచ్చే రైళ్ళ లెక్క దగ్గర బిక్కమొహం వేస్తే, అక్క వంటింటి గట్టు మీద రెండు అగ్గిపెట్టెలు పెట్టింది.

“ముందు ఒక రైలెక్కి కూర్చోరా. కూర్చున్నావా? ఇక నీది కదలదు. దాని వేగం కూడా ఎదుటి రైలుకే ఇచ్చెయ్. నీది నలభై, దానిది యాభై. ఇప్పుడెలా వస్తుంది?”

“బాబోయ్! తొంభై మీద వచ్చేస్తుందక్కా!”

“అదే రెండూ ఒకే వైపు పోతుంటే?”

వాడు అగ్గిపెట్టెలు రెండూ ఒకే వైపు జరిపి చూశాడు. “తీసెయ్యాలి. పదే. నత్తలా దాటుతుంది!”

ఆ రోజు నుంచి వాడికి లెక్కలంటే భయం పోయింది. పెద్దయ్యాక సెంటరు పెట్టి, “నువ్వు లేకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవక్కా” అన్నాడు. ఆమె బడి ఉద్యోగం మానేసి వచ్చేసింది.

ఏళ్ళు గడిచాయి. ఒక ఉదయం సుద్దముక్క పట్టుకుని క్లాసులోకి వెళ్తే గోడ మీద తెర వెలుగుతోంది. తెర మీద తమ్ముడు.

“ఈ కిటుకు నేను పదేళ్ళ వయసులో సొంతంగా కనిపెట్టాను. ముందు ఒక రైలెక్కి కూర్చోండి. కూర్చున్నారా?”

ఆ మాట తర్వాత ఆమె ఆగినట్టే ఆగాడు. అగ్గిపెట్టెల్ని కూడా వదల్లేదు. లెక్క తప్పు చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేదేమో. ఒక్క ముక్క తప్పలేదు. పిల్లలు పగలబడి నవ్వుతుంటే వెనక గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

తిన్నగా వాడి గదికి వెళ్ళింది.

“నువ్వు కనిపెట్టావట్రా?”

వాడు ఫోన్లోంచి తలెత్తలేదు. “చూసేవాళ్ళకి ఏదో కథ కావాలక్కా. మనలో మనకేంటి? నీదైతేనేం, నాదైతేనేం?”

“ఏం తేడా లేకపోతే నాదనే చెప్పాల్సింది.”

“ఇకనుంచి అన్ని క్లాసులకీ వీడియోలే. నువ్వు అనుమానాలు తీరిస్తే చాలు. నీకూ విశ్రాంతి.”

ఏకు మేకవడమంటే ఏమిటో అప్పుడర్థమైంది. సుద్దముక్క వాడి బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఇంట్లో సంగతి చెప్తే అమ్మ, “తోడబుట్టినవాడు పైకొస్తే ఓర్వలేవా?” అని ఎదురు తిట్టింది. వాడన్న మాట కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత ముందుగదిలోనే నలుగురు పిల్లలకి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజే ఒక అమ్మాయి మెరిసే కళ్ళతో అడిగింది: “మీరూ ఫోన్లో వచ్చే ఆ సార్ వీడియోలు చూసే నేర్చుకున్నారా టీచర్? అచ్చం ఆయనలాగే చెప్తున్నారు!”

“కాదమ్మా” అంది. అంతకు మించి ఏం చెప్పినా అతికేలా లేదు.

మర్నాడు రైళ్ళు మానేసి రెండు పడవలతో చెప్పబోయింది. రెండు వాక్యాలయ్యేసరికి మళ్ళీ నోటికి రైలే వచ్చింది.