బొంత కింద కట్టిన పాట

మొన్న ఆదివారం మా ఇంట్లో ఏమాయనో వింటే మీరు టీ గ్లాసు కింద పెడ్తారప్పా.

నంద్యాలలో పిల్లను చూసొచ్చినా కదా, బాగా నచ్చె. వాళ్ల నాయన సంగీతం మాస్టరు. "నీకేమొచ్చప్పా?" అని అడిగె. నోరు మూసుకోని ఉండొచ్చు కదా? "సొంతంగా పాట కడ్తా సార్" అంటి. "ఆదివారం ఇల్లు చూసేకి వస్తా. వినిపిద్దువులే" అనె. సచ్చితి పో!

నాకు హార్మోనియం రాదు, తబలా రాదు. ఉండేదల్లా ఒక టేప్‌రికార్డర్. ఆళ్లగడ్డలో శబ్దాలకేం కరువు? బస్టాండులో చాగలమర్రి బస్సు హారన్ పట్టినా. శిల్పాలు చెక్కే కాడ ఉలి దెబ్బలు పట్టినా. అమ్మ కారం దంచుతాంటే రోకలి చప్పుడు పట్టినా. ముందర హారన్, చివర ఉలి, నడాన రోకలి. అంతే, పాట!

రోకలి రెండు నిమిషాలు కావల్ల, పట్టిందేమో పావు నిమిషమే. పక్కింటి మస్తానన్న టేప్‌రికార్డర్ అడుక్కొచ్చి, రెండూ ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో మోగేది ఇంగోదాంట్లోకి ఎక్కించినా. పావు అరాయ, అర ఒకటాయ, ఒకటి రెండాయ. కోళ్ల గోల పడకుండా రెండిటి మీదా బొంత కప్పినా. ఏం తెలివి! పావు అరయ్యేటప్పుడు ఒకసారి నీళ్లు తాగేకి పెరట్లోకి పోతి. మొత్తం అయిపోయి బొంత తీసేసరికి మాస్టరు వాకిట్లో!

అమ్మ టీ తెచ్చె. నేను బటన్ నొక్కితి. హారన్ మోగె. రోకలి మొదలాయ. మాస్టరు తొడ మీద తాళం వేస్తాండాడు. నేను ఉబ్బిపోతాండా. అంతలో టేపులో నుంచి మా అమ్మ గొంతు!

"ప్రభువా, ఈ ఎర్రోనికి పిల్లనిచ్చే ఎర్రోడు యాడుండాడో!"

నా నెత్తిన పిడుగు పడె. నేను నీళ్లకు పోయినప్పుడు అమ్మ బొంత ఎత్తి చూసిందప్పా! చూసి ఊరికే పోయిందా?

"నా గొంతు దాంట్లోకి యాడ దూరిందిరా!" అని అమ్మ గోడకు ఆనుకునె. ఆపేకి చెయ్యి చాపితే మాస్టరు పట్టుకునె. "ఉండప్పా, విననీ."

రోకలి దంచుతానే ఉండాది, దాంతో పాటు అమ్మ మాటా రెట్టింపాయ గదా. రెండోసారి, "యాడుండాడో!" మూడోసారి, "యాడుండాడో!" నంద్యాల సంబంధం పాయ, మా ఇంటి పరువు పాయ!

నాలుగోసారికి మాస్టరు గ్లాసు కింద పెట్టి, "ఈడే ఉండా కదమ్మా" అనె.

ఉలి దెబ్బలు అయ్యేదాకా తాళం వేస్తానే ఉండె. ఆయప్ప క్యాసెట్ తీసి జేబులో వేసుకోని, "మా పిల్లకు వినిపిస్తా" అని బస్సెక్కె. మూడు దినాలు నాకు కూడు సయించలేదు.

ఈ పొద్దు జాబొచ్చె. పిల్ల ఒప్పుకునిందంట! పాటంతా రెండుసార్లు వినిందంట.

దాంట్లో బాగుండేది మా అమ్మ మాట ఒక్కటేనంట.