ఎర్ర గీత

ఊరి పాత బడిని ఆసుపత్రిగా మారుస్తున్నారు. తలుపుల పని వడ్రంగి మేస్త్రీకి దక్కింది. అదే బడిలో నాలుగో తరగతి తప్పి చదువు మానేసిన మనిషి. నలభై ఏళ్లుగా ఊరందరికీ "నాలుగు తప్పినాయనే". అసలు పేరు పెళ్లి పత్రికలో తప్ప ఎక్కడా కనబడలేదు.

హెడ్మాస్టరు గదిలో బీరువా జరపగానే గోడకి అతుక్కుపోయిన కాగితం బయటపడింది. ఆ ఏటి నాలుగో తరగతి ఫలితాలు! తన పేరు కింద ఎర్ర గీత. నవ్వుకుంటూనే అడుగున ఉన్న వరస చదివాడు: "ఎర్ర గీత: తరగతిలో ప్రథముడు."

చేతిలో ఉలి జారి పాదం పక్కనే పడింది.

"ఏంటి బాబాయ్, అలా కొయ్యబారిపోయావ్?" గది చూడ్డానికొచ్చిన నర్సు కంగారుపడింది.

మేస్త్రీ ఆ వరస ఆమెకి చూపించాడు. "ఆ రోజు నాకు జ్వరమమ్మా. ఫలితాలు చూడ్డానికి నాన్న వచ్చాడు. చదువు రాదు, నా పేరొక్కటే గుర్తుపట్టేవాడు. ‘ఎర్ర గీత కొట్టేశార్రా, పోయింది’ అని మర్నాడే నా చేతికి రంపం ఇచ్చాడు."

"అయ్యో! ఎవర్నైనా అడగొచ్చుగా?"

"ఎందుకడుగుతాడు? ఆయనా వడ్రంగే. చెక్క మీద ఎర్ర గీత ఉందంటే, మాకు అక్కడ కోసెయ్యమనే."