కుడి భుజం మీద మామ బరువు

నిలబడ్డవాణ్ణీ, కూర్చున్నవాణ్ణీ, మంచం దిగలేనివాణ్ణీ ఒకే దయతో చూసే అల్లాహ్‌కే నా స్తుతి. మన ఎముకల్ని అమర్చినవాడు ఆయనే. అవి విరిగినప్పుడు ఆ చప్పుడు మనకంటే ముందు విన్నవాడూ ఆయనే. ఆయన పేరు తలవకుండా మా మామ సంగతి మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మాది రాయచోటి దగ్గర పల్లె. ఆయన నాకంటే చాలా ముందే దుబాయ్ వచ్చాడు. మా ఊళ్లో అబుదాబిని కూడా దుబాయ్ అనే అంటారు. అబుదాబిలో ఐకాడ్ అనే పారిశ్రామిక వాడలో, ఇనుప పైపులు చేసే ఫ్యాక్టరీలో ఆయన పని. నేను మదర్సా చదువు ముగించి, కొన్నాళ్లు ఊళ్లో పిల్లలకు ఖుర్‌ఆన్ చెప్పి, ఆయన మాట్లాడి ఇప్పించిన వీసా మీద అదే ఫ్యాక్టరీకి వచ్చాను.

నేను వచ్చిన కొన్నాళ్లకు పైపుల కట్ట జారి మామ నడుము మీద పడింది. ప్రాణం మిగిలింది. తుంటి సరిగా అతుక్కోలేదు, ఎడమ కాలు సగం చచ్చుబడింది. చంకకర్రలు లేకుండా అడుగు వెయ్యలేడు. కంపెనీ ఆయన్ని ఇంటికి పంపెయ్యలేదు, ఆ మేలు మరవకూడదు. స్టోర్‌లో కూర్చుని హెల్మెట్లు, చేతి తొడుగులు ఇచ్చే పని ఇచ్చింది. పనివాళ్లం ఉండే క్యాంపులో కింది అంతస్తులో, లోపలే బాత్రూం ఉన్న గది ఇచ్చింది. తలుపు తీస్తే ఎదురుగా మసీదు.

ఆ గది శాశ్వతం కాదు. ఏడాదికోసారి ఆఫీసువాళ్లు మనిషిని చూసి, ఇంకా అవసరమేనా అని తేల్చేవారు. అవసరం లేదంటే మూడో అంతస్తే. దానికి లిఫ్టు లేదు, బాత్రూం వరండా ఆ చివర. ఆ గది పోతే మామకు పోయేది సుఖం మాత్రమే కాదు. ఐదు పూటలా మసీదుకు పోవడం పోతుంది.

కరోనా వచ్చి మసీదులు మూసి, మళ్లీ తెరిచినప్పుడు, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలని తివాచీ మీద స్టిక్కర్లు అంటించారు. అంతకుముందు మామ నా పక్కన నిలబడేవాడు. ఇప్పుడు ఆనుకోవడానికి ఎవరూ లేరు. వరస చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే నమాజు చేసేవాడు. నిలబడలేనివాడు కూర్చుని చెయ్యొచ్చునని, ప్రతిఫలంలో లోటుండదని నేను చెప్పాను.

"కితాబు మాట నిజమే లేబ్బీ," అనేవాడు. "నా కాళ్లకు తెలీదు."

ఆ ఏడాది ఆఫీసువాళ్లు వచ్చారు, కుర్చీలో మనిషిని చూశారు, గది అలాగే ఉంచారు.

తర్వాత ఆ ఎడం నిబంధన తీసేశారు. స్టిక్కర్లు గీకిన రోజు మామ కుర్చీ వెనక్కి నెట్టి మా మధ్యకు వచ్చాడు. ఆయనకు కుడివైపు నెల్లూరు వెల్డర్ ఒకడు, ఎడమవైపు నేను. భుజాలు ఆనించి నిలబడమని ఇమాం అనగానే మామ చంకకర్రలు కింద పెట్టేశాడు. ఆయన బరువు సగం వెల్డర్ మీద, సగం నా కుడి భుజం మీద. నుదురు నేలకు ఆనించే సజ్దా వేళకు వెనక కుర్చీలో కూర్చునేవాడు. మేం లేచేటప్పుడు మా భుజాలు పట్టుకుని తానూ లేచేవాడు. బయటికి వచ్చాక వెల్డర్ వీపు మీద చరిచి, "నీ భుజం గోడ మాదిరుండాది. సున్నం కొడితే ఇల్లయిపోతాది," అన్నాడు.

"అయితే బాడుగియ్యి మామా," అన్నాడు వెల్డర్.

మరుసటి పరిశీలనకు మమ్మల్ని ఆఫీసుకు పిలిచారు. బల్ల వెనక ముదీర్, అంటే మా మీద పెద్ద అధికారి. పక్కన క్యాంప్ బాస్, కరీంనగర్ మనిషి, ముదీర్ మాట తెలుగులో చెప్పడానికి.

"మామా, సార్ నిన్ను మొన్న శుక్రారం జుమా నమాజుల చూసిండట," అన్నాడు క్యాంప్ బాస్. "ఆయన ఎనక వరసల ఉండె. మంచిగ నిలవడ్డవట గదా. కింది గదులకు మస్తు మంది అడుగుతుండ్రు. నా మీద గుస్స చేయకు."

వెనకనుంచి చూస్తే అంతే కనిపిస్తుంది. ఒక వరస మనుషులు, అందరూ నిలబడ్డవాళ్లే. ఎవరి బరువు ఎవరి మీద ఉందో వీపులు చెప్పవు. నేను నిజం చెప్పాను.

"సార్, ఆయన నిలబడలేడు. ఇద్దరం రెండు పక్కలా ఆనుకుని మేమే నిలబెడతాం. మేము జరిగితే పడిపోతాడు."

క్యాంప్ బాస్ ఆ మాట హిందీలో చెబుతుండగా నేను మామ వైపు చూశాను. ఆ ముఖం నా కళ్ల ముందునుంచి ఇప్పటికీ పోదు. నలుగురిలో ఆయన బట్టలు నేను లాగేసినట్టు చూస్తున్నాడు.

"ఎవురు నిలబెట్టేది?" అన్నాడు.

"మామా, గది కోసం..."

"జరుగు."

"మామా..."

"జరగబ్బీ."

చంకకర్రలు బల్లకు ఆనించి, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. తర్వాత ఆ చేతులు కూడా వదిలేశాడు. వదిలి, అలవాటుకొద్దీ నమాజులోలాగా చేతులు కట్టుకున్నాడు. సజ్దా చేసే చోటు చూస్తున్నట్టు నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. గడ్డం చివరినుంచి చెమట కారుతోంది. నేను చెయ్యి చాపాను, ముట్టుకోలేదు.

"ఖలాస్, ఖలాస్. బైఠో," చాలు కూర్చోమని అన్నాడు ముదీర్. తనే లేచి వచ్చి మంచినీళ్ల సీసా మూత తీసి మామ చేతికిచ్చాడు. చెడ్డవాడు కాదు. కళ్లతో చూసిందే ఆయన రాసుకున్నాడు.

బయట ఎండలో మామ చంకకర్రలు సరిచేసుకున్నాడు. ఎందుకలా చేశావని నేనే అడిగాను.

"నువ్వు సెప్పిందే నిజమైతే," అన్నాడు, "ఇన్నాళ్లు దేవుని ముందర నిలబడింది ఎవురు? నువ్వా, నేనా?"

నా దగ్గర జవాబులున్నాయి. సంకల్పం గురించి, అశక్తుడికి దేవుడిచ్చిన సడలింపు గురించి చదువుకున్నదంతా నాలిక మీదే ఉంది. చెప్పాను కూడా. ఆయన వింటూ నడిచాడు, కాదనలేదు.

మామను మూడో అంతస్తుకు మార్చారు. పగటి పనికి ఇద్దరు కుర్రాళ్లు చెరో పక్క పట్టి దించేవారు. ఐదు పూటలా అలా దించమని ఎవరినీ అడగలేక, నమాజు పైనే చేసుకునేవాడు. జుమాకు మాత్రం మెట్ల మీద కూర్చుని, ఒక్కో మెట్టు జారుతూ తనే దిగేవాడు. "దుబాయొచ్చి జారుడుబండ ఆడుతుండా," అనేవాడు. ఆ మెట్ల మీద చంకకర్రలు ఒకదానికొకటి తగిలే చప్పుడు మసీదు గుమ్మం దాకా వినిపించేది. నేను నా కుడిపక్క చోటు ఉంచేవాణ్ణి.

ఒక జుమాకు ఆ చప్పుడు రాలేదు. తర్వాతి జుమాకూ రాలేదు. నమాజు కాగానే వెల్డరూ నేనూ పైకి వెళ్లాం. తలుపు ఓరగా ఉంది.

గదిలో రెండంతస్తుల మంచాన్ని ఎవరిచేతో జరిపించుకున్నాడు. దానికీ ఇనుప బీరువాకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. ఆ సందులో మామ నిలబడి ఉన్నాడు. కుడి భుజం బీరువాకు ఆనించి, ఎడమ భుజం మంచం కోడుకు ఆనించి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ. వెనక అదే ప్లాస్టిక్ కుర్చీ. మేం గుమ్మంలోనే ఆగిపోయాం. నమాజులో ఉన్నవాణ్ణి పిలవకూడదు.

చివరికి కుర్చీలో కూర్చుని నమాజు ముగించే సలాం చెప్పాడు. ముందు కుడివైపు తిరిగి బీరువాకు. తర్వాత ఎడమవైపు తిరిగి మంచం కోడుకు. ఆ ఎడమ చోటు నాది.

మమ్మల్ని చూసి, "యాడ పొయినారు ఇన్నాళ్లు?" అన్నాడు నవ్వుతూ. పైకి రానివాళ్లం మేమే అన్నట్టు.

కాంట్రాక్టు ముగిశాక ఆయన్ని ఊరికి పంపారు. తర్వాతి రంజాన్ రాకముందే ఆయన పోయాడని కబురు వచ్చింది. మా ఊరివాళ్లు వరసలు కట్టి జనాజా నమాజు చేశారట. నేను ఇక్కడే ఉన్నాను.

ఇప్పుడు నా కుడిపక్క ఎవరెవరో నిలబడతారు. ఎవరి కాళ్ల మీద వాళ్లే నిలబడతారు. అయినా భుజాలు ఆనించమని ఇమాం అన్నప్పుడల్లా ఆ వైపు బరువు దిగుతుంది. పక్కకు తిరిగి చూస్తే ఏమీ ఉండదు. చూడకపోతే, సలాం దాకా ఉంటుంది. ఆఫీసులో నేను చెప్పింది నిజం. ఆయన నిలబడిందీ నిజం. ఆ రెండు నిజాల మధ్య సందులో ఆయన్ని వదిలేసి వచ్చినట్టు అనిపిస్తుంది.

ఇది చదివిన మీరు నాతోపాటు దుఆ చెయ్యండి. ఓ ప్రభూ, మామ నిలబడిన ప్రతి నమాజునూ ఆయన సొంత కాళ్ల మీద నిలబడినట్టే రాసుకో. సమాధిలో ఆయన రెండు పక్కలా ఇరుకు లేకుండా చెయ్యి. రేపు అందరం నీ ముందు వరసలు కట్టే రోజున, ఎవరి భుజమూ అక్కర్లేకుండా ఆయన్ని నిలబెట్టు. నాకు మాత్రం ఆయన పక్కనే చోటివ్వు.

ఆమీన్ అనండి.