పార్లమెంటుకు నేను పంపిన సున్నా

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, అంటే ఇప్పటికి పదేళ్లు దాటిన మాట. వర్షాకాలం. ఖరగ్‌పూర్‌లో ఒక రైల్వే ఆఫీసులో, ఉద్యోగుల వ్యవహారాలు చూసే సెక్షన్‌కి నేను హెడ్ క్లర్కుని. పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయంటే మాకు టీ వేడిగా తాగే యోగం ఉండేది కాదు.

మంత్రిగారు సభలో లేచి జవాబు చదవడం మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ జవాబు ఎక్కడ పుడుతుందో చాలామందికి తెలియదు. సభ్యుడు ఢిల్లీలో అడిగిన ప్రశ్న మంత్రిత్వ శాఖ నుంచి జోనుకీ, జోను నుంచి మాలాంటి చిన్న ఆఫీసులకీ దిగి వస్తుంది. ఇక్కడ నాలాంటి గుమాస్తా ఒకతె బీరువా తెరిచి, ఫైళ్లు చూసి, ఒక అంకె రాస్తుంది. అది మళ్లీ పైకి వెళ్తూ దారిలో మిగతా ఊళ్ల అంకెలతో కలిసి మంత్రిగారి చేతిలో కాగితమవుతుంది. పార్లమెంటరీ క్వశ్చన్ అనే ఈ వ్యవహారాన్ని మేం పి.క్యూ. అనేవాళ్లం. సభలో నోటితో జవాబు చెప్పాల్సింది స్టార్డ్, రాసి ఇస్తే సరిపోయేది అన్‌స్టార్డ్. ఏదైనా సరే, పొద్దున వచ్చినదానికి సాయంత్రంలోగా జవాబు వెళ్లిపోవాలి.

నాకు ఈ పని నేర్పింది మా ఆఫీసు సూపరింటెండెంటు దత్తా బాబు. మట్టి ముంతలో టీ తాగుతూ, ముడీ, అంటే మరమరాలు, నములుతూ, బెంగాలీ, హిందీ కలిపి పాఠం చెప్పేవాడు. "పార్వతీ, అడిగినదానికే చెప్పు. అడగనిది చెబితే దానికి ఇంకో ప్రశ్న పుడుతుంది." ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన జవాబు 'నిల్'. మా దగ్గర అలాంటి కేసు ఒక్కటీ లేదని అర్థం. నిల్ పంపితే పైనుంచి మళ్లీ ఫోను రాదు. నేను అందులో ఎంత ఆరితేరానంటే సెక్షన్లో అందరూ నన్ను 'నిల్ దీదీ' అని పిలిచేవాళ్లు. నిజం చెప్పొద్దూ, నాకు అది బిరుదులాగే ఉండేది.

నిల్ ఎలా వస్తుందో కూడా చెప్పాలి. ఒకరి దరఖాస్తులో ఏదైనా కాగితం తక్కువైతే, ఫలానాది తెమ్మని ఉత్తరం రాసి ఫైలు పక్కన పెడతాం. ఆ క్షణం నుంచి అది మా దగ్గర పెండింగ్ కాదు, వాళ్ల దగ్గర పెండింగ్. అలాంటి ఫైళ్లు కిటికీ పక్క బీరువాలో ఉండేవి. ఎవరైనా అంకె అడిగితే ఆ బీరువా తెరిచేవాళ్లం కాదు. అది మోసమని నాకెప్పుడూ అనిపించలేదు, పని అనుకున్నాను.

ఆ రోజు వచ్చింది స్టార్డ్ ప్రశ్న. ఉద్యోగి పోతే అతని కుటుంబంలో ఒకరికి ఇచ్చే కారుణ్య నియామకాలు ఏడాదికి మించి ఎన్ని ఆగిపోయాయి, ఎందుకు, ఏం చేస్తున్నారు? నేను అలవాటు ప్రకారం మొదటిదానికి నిల్, మిగతా రెండింటికీ 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అని టైపు చేసి దత్తా బాబు బల్ల మీద పెట్టాను. గంట పట్టలేదు.

మధ్యాహ్నం నరసమ్మ వచ్చింది. ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరుగా చేస్తూ గుండెపోటుతో పోయి రెండేళ్లు కావస్తోంది. ఆమె విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ప్యాకింగు పని చేసుకుంటూ కూతుర్ని చదివించేది. వాళ్లుంటున్న రైల్వే క్వార్టరు గడువు దగ్గర పడింది. దసరా పూజలు దాటితే ఖాళీ చెయ్యాలి. ఉద్యోగం వస్తేనే ఆ ఇల్లు ఆమె పేరు మీద నిలుస్తుంది.

ఆమెకి తక్కువైన కాగితం వారసుల సర్టిఫికెట్. తాతల కాలంలో రైల్వే పనికి ఇక్కడికొచ్చిన మా తెలుగువాళ్లలో ఒక అలవాటు ఉంది. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, ఇక్కడి వర్క్‌షాపు సైరనుకి లేచి పడుకున్నవాళ్లు కూడా సర్వీసు రికార్డులో హోమ్ టౌన్ అన్నచోట తాతగారి ఊరే రాస్తారు. మా నాన్న రాశాడు, నేనూ రాశాను. మన ఊరు మన పేరు పక్కన ఉండాలని ఒక మమకారం. నరసమ్మ భర్త కూడా ఎన్నడూ చూడని శ్రీకాకుళం వైపు పల్లె పేరు రాశాడు. దాన్ని పట్టుకుని, సర్టిఫికెట్ ఆ ఊరినుంచే తెమ్మని ఉత్తరం పంపింది నేనే.

"అప్పా, మల్లీ ఎల్లొచ్చినాను. ఇది మూడోపాలి. ఆడ తాసిల్దారాపీసోలు ఇవ్వరంట," అంది, గుడ్డసంచి బల్ల మీద పెట్టి. మావాళ్లు అక్కని అప్ప అంటారు.

"ఏటన్నారు?"

"ఈ ఊర్లో మీ ఇల్లేదో సూపించమన్నారు. ఏటి సూపించేది? ఒక్క గోడ నేదు, మమ్మల్నెరిగినోలు ఒక్కలు నేరు. మీది బెంగాల్ గదా, ఆడే అడగండని పంపేసినారు. ఈడ అడిగితే, రికార్డులో మీ ఊరదే గదా, ఆడికే పొమ్మంతన్నారు."

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక ఆమె మీదే చూపించాను. "మరి నన్నేటి సెయ్యమంతావు? రోజూ వొచ్చి నిలబడితే ఫైలు నడుస్తాదేటి?"

ఆమె ఉడుక్కోలేదు. "యూనియన్ ఆపీసులో అనుకుంతన్నారు. మాలాటోల గురించి డిల్లీలో ఎవలో మంత్రిగారిని అడిగినారట. ఈడ జవాబు నువ్వే రాస్తావంట గదా. నా పేరు రాసినావా అప్పా?"

"పేర్లు రాయరమ్మీ. ఎంతమందో లెక్క పంపుతాం, అంతే."

"పోనీ, ఆ లెక్కలో నానున్నానా?"

లేవని ఎలా అనను? ఆమె నా ఎదురుగానే ఉంది, వర్షానికి తడిసిన చీర కొంగు పిండుకుంటూ. చూసి చెబుతానని పంపేశాను. ఆమె మెట్లు దిగే దాకా ఆగి, దత్తా బాబు బల్ల దగ్గరికి వెళ్లి నా కాగితం నేనే లాక్కున్నాను.

"ఏమైంది?" అన్నాడాయన.

"ఒకటి ఉంది బాబూ. నిల్ కాదు."

"ఉత్తరం రాశాంగా? అది మన దగ్గర పెండింగ్ కాదు."

"తేలేని కాగితం తెమ్మని రాశాం. అది రాసింది నేను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. "ఒకటి అని రాస్తే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే నీ పేరు బయటికొస్తుంది. సర్వీసంతా మచ్చ లేకుండా చేశావు, పార్వతీ."

నాకు భయం వేయలేదంటే అబద్ధం. అయినా కూర్చుని టైపు చేశాను. ఆగినవి: ఒకటి. కారణం: కుటుంబం మూడు తరాలుగా నివసించని చోటినుంచి ఆఫీసు సర్టిఫికెట్ కోరడం. దత్తా బాబు రెండుసార్లు చదివి, నిట్టూర్చి, "ఠీక్ హై" అని తన పొట్టి సంతకం పెట్టాడు. మా ఆఫీసరు నన్ను పిలిచి ఈ తప్పు ఎవరిదని అడిగారు. నాదేనన్నాను. ఆయన సంతకం చేశారు. సాయంత్రం సైరను మోగి, వర్క్‌షాపు గేటులోంచి సైకిళ్లు బిలబిలా బయటికొచ్చే వేళకి మా ఫ్యాక్స్ వెళ్లిపోయింది.

కొద్దిరోజులకి ఆ ప్రశ్న సభకి వచ్చింది. మేమంతా క్యాంటీన్ టీవీ ముందు చేరాం. మంత్రిగారు దేశం మొత్తం అంకె చదివారు. మాది అందులో ఎక్కడో కలిసిపోయింది. ఒక సభ్యుడు లేచి, ఇవి ఎప్పటికి తేలుస్తారని అనుబంధ ప్రశ్న వేశాడు. త్వరలోనే అన్నీ పరిష్కరిస్తామని మంత్రిగారు మాటిచ్చారు. దత్తా బాబు బల్ల మీద దబ్బున చరిచాడు. "అష్యూరెన్స్! పడింది, పార్వతీ, అష్యూరెన్స్ పడింది!"

సభలో మంత్రి ఇచ్చిన మాటని అష్యూరెన్స్ అంటారు. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చి సభకి చెప్పుకోవాలి. ఇక చూడండి. కదలని ఫైలు కోసం రోజుకో ఫోను. మా వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు సైకిలేసుకుని నరసమ్మ వీధికి వెళ్లి, ఇరుగుపొరుగుల వాంగ్మూలం రాసుకొచ్చాడు. ఇక్కడి సర్టిఫికెట్ చాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. నాకూ ఒకటి వచ్చింది, సంజాయిషీ ఇమ్మని. ఇచ్చాను. నా రికార్డులో మొదటి మందలింపు పడింది. ఆ సాయంత్రం దత్తా బాబు తన డబ్బుతో సెక్షన్ అందరికీ ఆలూ చాప్ బజ్జీలు తెప్పించాడు. అలాంటి పెద్దమనిషి కింద పనిచేశాను. ఆయన పోయి చాలాకాలమైంది. సుభాష్‌పల్లిలో మా ఇంటి ముందు ఎవరైనా ముడీ అమ్ముకుంటూ వెళ్తే ఆయనే గుర్తొస్తాడు.

పూజలు ఇంకో వారం ఉన్నాయనగా నరసమ్మ ఉద్యోగంలో చేరడానికి వచ్చింది. కాగితాలన్నీ అయ్యాక నేను ఉండబట్టలేక చెప్పేశాను. "నిన్ను ఆ ఊరు తిప్పిన ఉత్తరం రాసింది నానేనమ్మీ."

"తెలుసప్పా. కింద సంతకం నీదే గదా. ఎనిమిది దాకా సదివినాను నాను."

"తెలిసి కూడా నా దగ్గరికే వొచ్చేదానివేటి?"

"రాసినోలే గదప్పా కొట్టేయగలరు. ఇంకెవలినడిగేది?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా నిల్‌ల వెనక మనుషులుంటారని, వాళ్లందరికీ నా బల్ల దాకా వచ్చి నిలదీసే ధైర్యం ఉండదని ఆ కేసు నేర్పింది. మర్నాడు కిటికీ పక్క బీరువా తెరిచాను. నరసమ్మలాంటి ఫైళ్లు ఇంకో మూడు దొరికాయి. నేను గర్వంగా నిల్ పంపిన సమావేశాలన్నిటిలోనూ అవి అక్కడే ఉన్నాయి. ముగ్గురికీ ఆ రోజే ఉత్తరాలు రాశాను, ఆఫీసుకి రమ్మని. ఇద్దరు వచ్చారు.

మూడోది ఒక ఖలాసీ భార్యది. కిందటేడే క్వార్టరు ఖాళీ చేసి వెళ్లిపోయిందట. ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి అడిగాను. పిల్లల్ని తీసుకుని బండెక్కిందన్నారు గానీ, ఏ ఊరికో ఎవరూ చెప్పలేకపోయారు.