పిళ్ళప్ప బొటనవేలు

బాగేపల్లి బస్టాండు వెనక సందులో ఒక రేకు బోర్డు ఇప్పటికీ వేలాడుతోంది. "పిళ్ళప్ప, మాజీ సైనికుడు, కమర్షియల్ ఆర్టిస్ట్" అని కన్నడంలో రాసి ఉంటుంది. రాసి ఇరవై ఆరేళ్ళయినా ఒక్క అక్షరం అంచు చెదరలేదు. అంత శుభ్రమైన అంచు కుంచెతో రాదు. రంగు గీత దాటిందంటే చాలు, పిళ్ళప్ప కుడి బొటనవేలిని టర్పెంటైన్ డబ్బాలో ముంచి సుతారంగా ఒక్కసారి తుడిచేవాడు. గుడ్డ వాడవచ్చు కదా అని ఎవరైనా అంటే, గుడ్డకు కళ్ళుంటాయా అని ఎదురడిగేవాడు.

ఊరు గూళూరు. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరాడు. చేతిరాత చూసి అక్కడ కుంచె ఇచ్చారు. బండ్ల మీద నంబర్లు, జవాన్ల నల్ల ట్రంకుపెట్టెల మీద పేర్లు రాశాడు. మంచుకొండల మీద రెండు చలికాలాలు గడిపాడు. రెండోసారి దిగివచ్చేసరికి ఎడమచేతి ఐదు వేళ్ళ కొసలూ నల్లబడిపోయాయి. డాక్టర్లు వాటిని తీసేశారు. కుడిచెయ్యి ఉంది కదా, చాలు అనుకుని ఇంటికొచ్చాడు. నిజంగానే చాలింది. హోటళ్ళకూ లారీలకూ ఎరువుల కొట్లకూ పేర్లు రాసినవాడు అతనే. ఫ్లెక్సులొచ్చి సగం పని ఎగరేసుకుపోయాక కూడా, మిగిలిన సగంతో, పెన్షనుతో నెట్టుకొచ్చాడు.

పెన్షను తీసుకునేవాడు ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని సర్కారును ఒప్పించాలి. ఒకప్పుడు బ్యాంకు మేనేజరు ముఖం చూసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు ముఖాలు చూసే తీరిక ఎవరికీ లేదు. వేలు యంత్రం మీద పెట్టాలి. మొన్నటి నవంబరులో ఆన్‌లైన్ సెంటర్ కిశోర్ పిళ్ళప్ప బొటనవేలిని పదకొండుసార్లు నొక్కించాడు. తక్కిన వేళ్ళూ నొక్కించాడు. ముప్పై ఏళ్ళ టర్పెంటైన్ ఆ చేతి మీద ఒక్క గీతను కూడా మిగల్చలేదు.

"పడల్యా అప్పా," అన్నాడు కిశోర్. "ఆ చెయ్యి పెట్టు."

పిళ్ళప్ప ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు. కిశోర్ యంత్రాన్ని పక్కకు జరిపాడు. కళ్ళు చూపిస్తే రెండింటిలోనూ శుక్లాలు. ఫోనులో ముఖం చూపిస్తే సరిపోలలేదని వచ్చింది. అలా ఒక చేతిని దేశానికీ, ఇంకో చేతిని ఊరి బోర్డులకూ ఇచ్చిన మనిషి, సర్కారు లెక్కలో చచ్చిపోయాడు. పెన్షను ఆగింది.

అదొక్కటే అయితే గంజి తాగి బతికేవాడు. భార్య అక్కయమ్మకు గుండెలో వాల్వు పాడయింది. మూడు నెలల లోపల ఆపరేషను చేయించాలని చిక్కబళ్ళాపురం డాక్టరు చెప్పాడు. మాజీ సైనికుల వైద్యం కార్డు ఉంటే బెంగళూరులో ఉచితంగా చేస్తారు. పెన్షను ఆగితే ఆ కార్డు కూడా పనిచేయదు. బీదల పథకం కింద అడగడానికి పోతే, "నీకు మిలిటరీ పెన్షన్ వస్తాంది కదప్పా, ఇది నీకు రాదు" అన్నారు. ఒక కంప్యూటర్లో చచ్చినవాడు, ఇంకో కంప్యూటర్లో పెన్షన్‌దారుడు. ఈ దిక్కుమాలిన కంప్యూటర్లు రెండూ ఒకదాన్నొకటి చూసుకోవు.

కిశోరే ఒక దారి చెప్పాడు. "రెండు నెల్లు టర్పెంటైన్ ముట్టొద్దప్పా. దినామూ కొబ్బరినూనె పుయ్యి. కొత్త తోలొస్తే గీతలు తేలతాయి."

పిళ్ళప్ప కుంచెలన్నీ కడిగి అటక మీద పడేశాడు. రోజూ పొద్దున్నే వాకిట్లో కూర్చుని చెయ్యి చాపేవాడు. అక్కయమ్మ ఆయాసపడుతూనే ఆ వేలికి నూనె మర్దన చేసి, ఎండకు ఎత్తి చూసేది.

"ఈడ ఒక గీతుండాది చూడు," అనేది ఒక్కోరోజు.

"అది మడతే," అనేవాడు.

"మడతైతే ఏమి, రేపు గీతయితాది. పెండ్లినాడు గూడా ఈ చెయ్యి ఇంతసేపు పట్టుకోల్యా నేను," అని నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. ముప్పై అయిదో రోజుకు నిజంగానే సన్నటి గీతలు కనిపించాయి. ఇంకో మూడు వారాలు ఓపిక పట్టమన్నాడు కిశోర్.

ముప్పై ఎనిమిదో రోజున ఆమె మందుల కోసం పిళ్ళప్ప బాగేపల్లికి పోయాడు. హైవే పక్కన టిఫిన్ హోటల్ బయ్యప్ప నిచ్చెనెక్కి తన బోర్డు తానే రాసుకుంటున్నాడు. గాలికి ఫ్లెక్సు చిరిగిపోయిందట. సున్నం కొట్టే కుంచె పట్టుకుని బారెడేసి వంకర అక్షరాలు రాస్తున్నాడు. రంగు కారి గోడ మీదకు దిగుతోంది. పిళ్ళప్ప చూడకుండా పోదామనుకుని నాలుగడుగులు వేశాడు కూడా. కానీ కాళ్ళు వెనక్కి తిరిగాయి.

"దిగు. ఆ ఒక్క అక్షరం సరిజేసి పోతా," అన్నాడు.

ఒకటి సరిచేస్తే పక్కది వంకరగా కనబడింది. దాన్ని సరిచేస్తే మూడోది. వేలు దానంతటదే టర్పెంటైన్ డబ్బాలోకి పోయింది, వచ్చింది, తుడిచింది. మధ్యాహ్నానికి బోర్డు మొత్తం అయ్యాక, వేలు మండితే అప్పుడు చూసుకున్నాడు. లేత తోలు పొరలుపొరలుగా లేచిపోయి, కింద ఎర్రగా, నున్నగా ఉంది. ఆ నిచ్చెన మీదే కూర్చుని ఏడ్చాడు. ఏమయిందో అర్థంకాక బయ్యప్ప టీ తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇంటికి పోయేసరికి అక్కయమ్మకు వాసన తెలిసిపోయింది. తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. ఆమె నూనె గిన్నె తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"ఎట్లొచ్చిందప్పా బోర్డు?" అని అడిగింది.

"బాగొచ్చింది," అన్నాడు.

మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలయింది. అక్కయమ్మ కాళ్ళకు నీరు వచ్చింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే నిద్రపోయేది. అయినా మర్దన మానలేదు. పంతొమ్మిదో రోజున, నూనె గిన్నె ఒళ్ళో ఉండగానే, ఆమె తల పక్కకు వాలిపోయింది. పిళ్ళప్ప ఇంకా చెయ్యి చాపుకునే ఉన్నాడు.

కర్మలయ్యాక నెల గడిచింది. చింతామణిలో కాపురముంటున్న కూతురు ప్రతిమ వచ్చి, పెన్షనైనా రానియ్యి నాయినా అని బతిమాలి, బాగేపల్లికి పిల్చుకుపోయింది. ఆమె బయట స్కూటరు దగ్గర నిలబడింది. పిళ్ళప్ప లోపలికి పోయి యంత్రం మీద వేలు పెట్టాడు. మొదటిసారికే పచ్చదీపం వెలిగింది.

కిశోర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గూళూరులో జరిగింది అతనికి ఎవరూ చెప్పలేదు. "పడిందప్పా! బతికుండావని ఒప్పుకునింది! ఇంక కార్డు గూడా తెరుచుకుంటాది. అమ్మను రేపే పిల్చుకురా, ఆయమ్మ వేలు గూడా ఒకసారి పెట్టిస్తే సాలు."

పిళ్ళప్ప వేలు తీయలేదు. ఆ పచ్చదీపం వైపే చూస్తూ, "ఇంగోసారి చూడు నాయినా," అన్నాడు. "అది తప్పు చెప్తాంది."